బీఎండబ్ల్యూ ఎం340ఐ: రెండున్నరేళ్లు, 34 వేల కిలోమీటర్లు, తిరుపతిలో ఎవరూ గుర్తుపట్టని స్పోర్ట్స్ కారు

మొదటే చెప్పేస్తా, ఈ బండితో తిరుపతిలో నేను ఒక్కడి ముందర కూడా గొప్ప అనిపించుకోలేదు. పోయిన వైశాఖంలో తిరుచానూరు రోడ్డులో ఒక కల్యాణమండపానికి పోతే గేటు కాడ ఉండే పిల్లోడు నా ముందర వచ్చిన తెల్ల ఫార్చూనర్‌కి సెల్యూట్ కొట్టి నేరుగా మెట్ల కాడికి పంపించినాడు, నన్ను చూసి మాత్రం "అన్నా, చిన్న కార్లన్నీ ఎనకపక్క ఖాళీ జాగాలో అన్నా" అన్నాడు. చిన్న కారంట. ఆరు సిలిండర్లు, 374 హార్స్‌పవరు, రోడ్డు మీదికొచ్చేసరికి 86 లక్షలు అయింది సామీ దీనికి. మా ఆవిడ లోపలికి పోయి అక్షింతలు వేసి వచ్చేదాకా నవ్వతానే ఉండాది.

స్పోర్ట్స్ కారు కొనాలనుకునే మన పక్క వాళ్లు మొదట ఆలోచించాల్సింది ఇదే అని నాకిప్పుడు అనిపిస్తా ఉంది. చెన్నైలోనో బెంగళూరులోనో అయితే సిగ్నల్ కాడ ఆగినప్పుడు పక్క బండిలో కుర్రోడు అద్దం దించి థంబ్స్ అప్ చూపిస్తాడు. మనకు ప్రెస్టీజ్ అంటే ఎత్తు. బండి ఎత్తుగా ఉండాల, తెల్లగా ఉండాల, నంబరు 9999 ఉండాల. ఇంతకుముందు ఏపీ 03 అనే అక్షరాలకైనా ఒక పొగరు ఉండేది, 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 అయ్యాక అదీ పోయింది. నేల మీద పాకినట్టు ఉండే కారుకి మన ఊర్లో గౌరవం లేదు, స్పీడ్ బ్రేకర్ కాడ అడ్డంగా తిప్పుకుంటా పోతా ఉంటే జాలిగా చూస్తారు, "ఏమన్నా, ఏమన్నా పోయిందా బండికి?" అని ఒకాయన నిజంగానే అడిగినాడు.

సరే కథ మొదటికి వస్తా. 2023లో నాకు నలభై నిండినాయి, చిత్తూరు దగ్గర గ్రానైట్ యూనిట్ కొంచెం నిలదొక్కుకునింది, ఉన్న ఆక్టేవియా ముసలిది అయిపోయింది, ఇప్పుడు కొనకపోతే ఇంకెప్పుడూ కొనలేను అనిపించింది. మనసులో ఉండింది నాలుగు. ఫోర్డ్ మస్టాంగ్ సెకండ్ హ్యాండ్, బీఎండబ్ల్యూ వాళ్లదే టాపు తెరుచుకునే జడ్4 ఎం40ఐ, పోర్షే 718 కేమన్, ఈ ఎం340ఐ.

మస్టాంగ్ సంగతి తొందరగా తేల్చేస్తా. 2016లో 65 లక్షలకి వచ్చింది, 5 లీటర్ల వీ8, ఆ సౌండు ఎవరికైనా నచ్చుతాది, మన ఊర్లో కూడా జనం తిరిగి చూసే బండి ఏదన్నా ఉంటే అదే. కానీ 2020లో బీఎస్6 అనే కొత్త పొగ రూల్స్ వచ్చినప్పుడు ఈడ అమ్మడం ఆపేసినారు, 2021లో ఫోర్డ్ వాళ్లు ఇండియాలో తయారీ కూడా మూసేస్తామని చెప్పేసినారు. రేపు రేణిగుంట రోడ్డులో ఏ ఆటోవాడో వచ్చి బంపర్‌కి ఆనిస్తే ఆ బంపర్ కోసం ఎన్ని నెలలు కాచుకోవాల? వద్దనుకున్నా.

జడ్4 లెక్క చూడండి, ఈ మొత్తం రివ్యూలో నాకు బాగా నచ్చిన లెక్క ఇది. జడ్4 ఎం40ఐలో ఉండే ఇంజనూ నా బండిలో ఉండే ఇంజనూ ఒకే కుటుంబం, బీ58 అంటారు, 3 లీటర్ల టర్బో, ఆరు సిలిండర్లు ఒకే వరసలో. టయోటా సుప్రాలో కూడా ఇదే. జడ్4లో 340 హార్స్‌పవరు, నా దాంట్లో 374. వందకి పోవడానికి దానికి 4.5 సెకన్లు, దీనికి 4.4. దానికి రెండు సీట్లు, దీనికి ఐదు. దాని ఎక్స్ షోరూమ్ 2023లో 89 లక్షల పైన, దీనిది 70 దగ్గర. అంటే మూడు సీట్లూ రెండు డోర్లూ తగ్గించుకొని, పవరు కూడా తగ్గించుకొని, ఇరవై లక్షలు జాస్తి ఇయ్యాల. ఎందుకు? టాపు తెరుచుకుంటాది కాబట్టి. తిరుపతిలో టాపు తెరిచి తిరిగేది ఎన్ని రోజులు? కార్తీకం నుంచి సంక్రాంతి దాకా, అదీ పొద్దున ఏడు లోపల. ఏప్రిల్‌లో తెరిస్తే తల మీద దోసె పోసుకోవచ్చు.

ఈ తేడాకి ఇంకో కారణం ఉంది, అది తెలిసినాకే నాకు కొంచెం కళ్లు తెరుచుకున్నాయి. జడ్4 ఆస్ట్రియాలో గ్రాజ్ అనే ఊర్లో తయారై ఓడలో వచ్చేది, అట్లా పూర్తిగా తయారై దిగే ఖరీదు బండి మీద కస్టమ్స్ సుంకమే నూరు శాతం పైన పడతాది. ఎం340ఐని మాత్రం చెంగల్పట్టు దగ్గర మహీంద్రా వరల్డ్ సిటీలో 2007 నుంచి నడుస్తా ఉన్న ఫ్యాక్టరీలో బిగిస్తారు, 2021లో ఇది వచ్చినప్పుడు ఇండియాలో బిగించిన మొదటి ఎం కారు, అంటే బీఎండబ్ల్యూలో స్పోర్ట్స్ రకం, అని వాళ్లే చెప్పుకున్నారు, అప్పుడు 62 లక్షల 90 వేలు ఉండింది. అంటే ఓడలో వచ్చే బండికి మనం ఇచ్చేదాంట్లో పెద్ద ముక్క ఇంజన్‌కి పోదు, స్టీరింగ్‌కి పోదు, హార్బర్ కాడ కట్టే చలానాకి పోతాది. దాన్నే మనం ప్రెస్టీజ్ అంటా ఉన్నామబ్బా. "ఇంపోర్టెడ్" అని మా మామ అంత గొప్పగా చెప్పేది ఆ చలానా గురించే. దాని మీద మళ్లీ జీఎస్టీ, దాని మీద మన లైఫ్ ట్యాక్సు, 20 లక్షలు దాటిన కారుకి మన రాష్ట్రంలో 18 శాతం. బండి రేటు ఎంత పెరిగితే పన్ను మీద పన్ను అంత పెరుగుతాది. పుదుచ్చేరిలో రిజిస్టర్ చేయించు అని సలహా ఇచ్చినోళ్లు కనీసం ఐదుగురు ఉంటారు, వేరే రాష్ట్రం బండి ఈడ 12 నెలలు దాటితే మళ్లీ ఈడ రిజిస్టర్ చేసుకోవాల్సిందే, దొరికితే పరువు పోతాది, ప్రెస్టీజ్ కోసం కొన్న బండిని దాచిపెట్టుకొని తిరగడం ఏందో నాకు అర్థం కాదు.

ఇంక పోర్షే. కాణిపాకంలో బావి కాడ నిలబడి ప్రమాణం చేసి చెప్పమంటే చెప్తా, నాకు ఆ బ్యాడ్జ్ కావాలనిపించింది. చిన్నప్పుడు నోట్‌బుక్ అట్ట మీద చూసిన బొమ్మ అది. చెన్నైలో షోరూమ్‌కి పోతే సేల్స్‌లో ఉండే అబ్బాయి మన పుత్తూరు పిల్లోడు, "అన్నా తిరుపతి నుంచా" అని కాఫీ ఇచ్చి ఈసీఆర్ మీద, అదే సముద్రం పక్కన పోయే రోడ్డు మీద, తిప్పినాడు. ఆ స్టీరింగ్ గురించి ఏం చెప్పేది, ముందు చక్రం కింద ఇసక రేణువు పడినా అరచేతికి తెలుస్తాది. ఇంజన్ సీటు ఎనకాల, బండి మధ్యలో ఉంటాది కాబట్టి మలుపులో బండి మన నడుము చుట్టూ తిరిగినట్టు ఉంటాది, ముందర లాగదు, ఎనక తోయదు. ఇది ఎచ్చులు కాదు, నిజమైన ఇంజనీరింగు, దానికి దుడ్లు ఇయ్యొచ్చు.

ఎంత ఇయ్యొచ్చు అనేదే గొడవ. ఆన్ రోడ్ కోటిన్నర దాటించి చెప్పినారు. దానికి వచ్చేది 2 లీటర్ల టర్బో, నాలుగు సిలిండర్లు, 300 హార్స్‌పవరు. 2016కి ముందు ఇదే కేమన్‌లో ఆరు సిలిండర్లు ఉండేవి, ఆ ఏడు 718 అని పేరు మార్చి నాలుగుకి తగ్గించినారు, ఆ కొత్తది మన దేశంలోకి 2017లో వచ్చినప్పుడు 81 లక్షల చిల్లర ఉండింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఆ సౌండు నాకు మా యూనిట్‌లో జనరేటర్ గుర్తుకు తెచ్చింది, క్షమించాల. ఆరు సిలిండర్లే కావాలంటే 4 లీటర్ల జీటీఎస్ ఉంది, దాని రేటు అడగడానికి నాకు నోరు రాలేదు. అంటే ఆ కోటిన్నరలో స్టీరింగూ ఆ బ్యాలెన్సూ ఎంత, బ్యాడ్జ్ ఎంత, హార్బర్ చలానా ఎంత అని పేపర్ మీద విడదీసి రాసుకున్నా. బండికి నేను మనస్ఫూర్తిగా ఇయ్యాలనుకునేది ఎం340ఐ కంటే ఒక పదిహేను లక్షలు జాస్తి. వాళ్లు అడిగేది 65 లక్షలకు పైగా జాస్తి. మధ్యలో ఉండే యాభై లక్షలు ఎవరి కళ్ల కోసం? నా వీధిలో ఆ కళ్లు లేవు గదా.

మా నాయన లెక్క ఇంకా సూటిగా ఉంటాది. ఆయనకి బంగారుపాళెం పక్క మామిడి తోట, అంతా తోతాపురి. 2025 సీజన్‌లో కాయ రేటు పడిపోయి ఫ్యాక్టరీ వాళ్లు కిలోకి 8, గవర్నమెంటు 4, కలిపి 12 అని చెప్పినారు గదా, ట్రాక్టర్లు ఫ్యాక్టరీ గేట్ల కాడ రోజులకి రోజులు నిలబడినాయి. అప్పుడు ఒక రోజు బండిలో పక్కన కూర్చొని అడిగినాడు, "నువ్వు వద్దన్న ఆ ఇంకో కారు ఎంత జాస్తి అంటివి?" అని. 65 అన్నా. మనసులోనే లెక్క కట్టి "540 టన్నుల కాయరా" అన్నాడు. మా తోట మొత్తం కోసినా ఏడాదికి అరవై టన్నులు రాదు. తొమ్మిదేళ్లు. ఆయన ఇంకేం అనలేదు, నేనూ ఏం అనలేదు, ఈ 86 లక్షలకి ఎన్ని టన్నులో ఆయన అడగలేదు, అది మాత్రం ఆయన మంచితనం.

బండి సంగతికొస్తే, ఇంజను గురించి తప్పు చెప్పడానికి ఏమీ లేదు. తిరుపతి నుంచి చిత్తూరు దాకా ఇప్పుడు ఆరు లైన్ల రోడ్డు, చంద్రగిరి దాటినాక పొద్దున ఆరింటికి ఖాళీగా ఉంటాది, ముందర పాల వ్యాను ఉంటే కాలు కొంచెం అదిమితే చాలు ఎప్పుడు దాటినామో తెలియదు, ఆ ఆరు సిలిండర్ల గొంతు పట్టు చీర చించినట్టు సన్నగా మొదలయ్యి పైకి పోతాది. నాలుగు చక్రాలకీ పవరు పోతాది కాబట్టి వానలో కూడా భయం లేదు. భాకరాపేట ఘాట్‌లోనూ, పలమనేరు పోయే దోవలో మొగిలి ఘాట్‌లోనూ మలుపుల్లో బండి అంటుకొని పోతాది, కాకపోతే రెండూ యాక్సిడెంట్లకి పేరుపడిన చోట్లు, పలమనేరు పక్క ఏనుగులు కూడా రోడ్డు దాటతాయి, ఆడ ఎచ్చులకి పోయేది వద్దు. స్టీరింగ్ మాత్రం పోర్షే మాదిరి మాట్లాడదు, తిప్పమన్న పక్క తిరుగుతాది అంతే, కింద ఏముందో చెప్పదు. ఈ ఒక్కటి రెండున్నరేళ్లయినా నాకు అలవాటు కాలేదు.

ఇంక తిరుమల ఘాట్. కొత్త బండితో కొండకి పోకుండా ఉంటామా, పోయినా. పైకి పోయే రోడ్డు 1974ది, కిందికి దిగేది 1944ది, రెండూ ఇట్లాంటి బండి కోసమే వేసినట్టు ఉంటాయి మలుపులు. అయితే అలిపిరిలో టైము కొడతారు, పైకి 28 నిమిషాల కంటే ముందు చేరకూడదు, కిందికి 40 నిమిషాలు, ముందే చేరితే ఫైను. మంచి రూలే, ఆడ జరిగిన యాక్సిడెంట్లు చూసినోళ్లు ఎవరూ కాదనరు. కానీ నా ముందర ఒక పాత ఆల్టో, లోపల ఆరుగురు, పైన క్యారియర్ మీద బ్యాగులు, గోవిందా గోవిందా అనుకుంటా పోతా ఉండారు, వాళ్లూ నేనూ ఒకే నిమిషంలో పైన ఉన్నాము. ఎంకన్న సామి ముందర 374 హార్స్‌పవరుకీ 47 హార్స్‌పవరుకీ తేడా లేదు. ఆల్టో ఆయన దిగి నా బండి చూసి "ఇది హోండా సిటీనా సార్, కొత్త మోడలా" అన్నాడు. అవునన్నా.

దీన్ని నిజంగా తోలాలంటే ఇరుంగాట్టుకోట్టై పోవాల. శ్రీపెరుంబుదూరు దగ్గర, మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ల ట్రాక్, 1990 నుంచి ఉంది, చుట్టు 3.7 కిలోమీటర్లు, మనకి రెండున్నర గంటల దూరం. మన పక్క వాళ్లకి ఇది ఉందని కూడా చాలామందికి తెలియదు. ఎవరి బండి వాళ్లు తెచ్చి తోలుకునే ట్రాక్ డే రోజు పోయినా, మొదటి మూడు రౌండ్లు స్వర్గం, నాలుగో రౌండులో బ్రేకులు మెత్తబడినాయి, వాసన వచ్చింది, పక్కకి తెచ్చి చల్లార్చుకోవాల్సి వచ్చింది. బరువైన సెడాన్ అది, ఎంతసేపని ఆపుతాది పాపం. ఆడ ఒక కుర్రోడు పాత ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ తెచ్చినాడు, సస్పెన్షనూ టైర్లూ మార్చి మొత్తం తొమ్మిది లక్షల్లో తేల్చినాడంట, మలుపుల్లో నా ఎనకాలే అంటుకొని వచ్చినాడు, సీదా రోడ్డులో మాత్రమే నేను తప్పించుకున్నా. రూపాయికి ఎంత ఆనందం అని మాత్రమే చూస్తే ఆ పిల్లోడి ముందర నాదీ ఎచ్చుల బండే. ఈ ముక్క దాచి రివ్యూ రాస్తే తప్పు అనిపించి చెప్తా ఉండా.

ఖర్చులు. ఊర్లో మైలేజీ 6, 7, హైవేలో నెమ్మదిగా పోతే 12 దాకా వస్తాది. పెట్రోలు మన దగ్గర తమిళనాడు కంటే లీటరుకి ఎనిమిది తొమ్మిది రూపాయలు జాస్తి కాబట్టి చెన్నై పోయినప్పుడల్లా నగరి దాటినాక తిరుత్తణి పక్కనే ఫుల్ ట్యాంక్ కొట్టిస్తా, 59 లీటర్ల ట్యాంకుకి అయిదు వందలు మిగులుతాయి. "86 లక్షల బండి వేసుకొని అయిదు వందలకి బార్డర్ దాటతావా" అని మా ఆవిడ ఎగతాళి, నగరి వాళ్లంతా స్కూటర్లతో చేసే పనే గదా నేనూ చేసేది. ఇన్సూరెన్స్ మొదటి ఏడాది రెండు లక్షలకి కొంచెం పైన.

టైర్ల దగ్గర జాగ్రత్త. రన్ ఫ్లాట్ టైర్లు, అంటే పంక్చర్ అయినా 80 స్పీడులో 80 కిలోమీటర్ల దాకా పోవచ్చు, వినడానికి బాగుంటాది. పాకాల దగ్గర సర్వీస్ రోడ్డులో రాత్రిపూట ఒక గుంతలో పడినాను, ఇంటిదాకా తెచ్చింది నిజమే, కానీ పక్కగోడ ఉబ్బింది, దాన్ని అతికేది లేదు, కొత్తదే వేయాల. తిరుపతిలో తిరగని టైర్ షాపు లేదు, ఆ సైజు ఎవరి దగ్గరా లేదు. సత్యవేడు పక్క చిన్నపాండూరులో అపోలో టైర్ల ఫ్యాక్టరీ పెట్టుకొని, నా టైరు చెన్నై నుంచి రావడానికి ఆరు రోజులు పట్టింది, 31 వేలు. సర్వీసు కూడా చెన్నైలోనే, పొద్దున ఇచ్చి సాయంత్రం తీసుకోవచ్చు అన్నారు, ఒకసారి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అని చెప్పి నాలుగు రోజులు పెట్టుకున్నారు, రోజూ ఫోన్ చేస్తే "రేపు సార్" అనే మాట తప్ప ఇంకోటి లేదు, ఎనక బంపర్ మీద కొత్త గీత ఒకటి బోనస్. ఏ సెంటర్ అని రాయను, వాళ్లతో నాకు ఇంకా పని ఉంది.

ఇంకో చిన్న ఖర్చు ఎవరూ చెప్పరు, ఇంటి ముందర ర్యాంపు. మన ఇళ్లన్నీ వాననీళ్లు రాకుండా ఎత్తు మీద కడతాము గదా, మొదటి రోజే ముందర పక్క కర్ర్‌మని గీసుకునింది. మేస్త్రీని పిలిచి పగలగొట్టి వాలు తగ్గించి పోయించినా, 18 వేలు. కొనే ముందు షోరూమ్ వాళ్లని అడిగి బండి ఇంటికి తెచ్చి గేటులో దూర్చి చూసుకోండి, దీని గురించి నేను సీరియస్‌గానే చెప్తా ఉండా.

టైమింగ్ విషయంలో నాది దరిద్రం. నేను కొన్నప్పుడు ఇట్లాంటి పెద్ద ఇంజన్ సెడాన్ల మీద సెస్సుతో కలిపి 48 శాతం పన్ను, 2025 సెప్టెంబర్ 22 నుంచి 40కి తెచ్చినారు. కొత్త బండి రేటు తగ్గితే పాతదాని రేటు ఇంకా తగ్గుతాది. చెన్నైలో ఒక సెకండ్ హ్యాండ్ డీలర్ చుట్టూ తిరిగి చూసి 50 అన్నాడు. 36 లక్షలు గాలికి. ఇక్కడ మాత్రం పోర్షే వాళ్లు నవ్వుకోవచ్చు, రెండు సీట్ల బండ్లు తక్కువ ఉంటాయి, అడిగేవాళ్లు ఉంటారు, రేటు అంత తొందరగా పడదు. ప్రెస్టీజ్‌కి ఇచ్చిన దుడ్లలో కొంత అమ్మేటప్పుడు తిరిగొస్తాది అనే మాట నేను 2023లో రాసుకున్న పేపర్ మీద లేదు. ఉండుంటే నిర్ణయం మారేదా అంటే, మారేది కాదు. ఎనక సీట్లో అమ్మా నాయనా కూర్చోవాల, ఇద్దరికీ మోకాళ్ల నొప్పులు, ఇందులోనే దిగేటప్పుడు నేను చెయ్యి ఇయ్యాల, కేమన్ అయితే వాళ్లని ఇంట్లో పెట్టి పోవాల్సిందే.

మార్కులు వేయమంటే ఇంజన్‌కి పదికి పది, గేరుబాక్సుకి తొమ్మిదిన్నర, స్టీరింగ్‌కి ఆరు, మన రోడ్లకి సరిపోవడంలో ఐదు, కల్యాణమండపం గేటు కాడ సున్నా.

పోయిన నెల పుత్తూరు పిల్లోడు మళ్లీ ఫోన్ చేసినాడు. పెట్రోల్ 718 తయారీ 2025లో ఆపేసినారు గదన్నా, పాత ఆరు సిలిండర్లది ఒకటి బెంగళూరులో డాక్టర్ గారి దగ్గర ఉంది, తక్కువ తిరిగింది, చూస్తావా అన్నాడు. వద్దులే అన్నా. రంగు ఏందని అడిగినా. ఫోటో పంపిస్తా అన్నాడు, పంపించు అన్నా, ఊరికే చూద్దామని.